యాంటెన్నా మీద నీలం చిలపలు

రాజలింగు ఇంట్లో టీవీకి జబ్బు చేసిందన్న కబురు ఆ ఆదివారం సినిమా మొదలైన పావుగంటలోనే కొత్తవాడ గల్లీ చివరిదాకా పాకింది. పాకదా మరి! ఆ గల్లీ మొత్తానికి ఉన్నది అదొక్కటే టీవీ. నాలుగు కాళ్ళ మీద నిలబడి, ముందు చెక్క తలుపులు, పైన అనసూర్య కుట్టిన పూల గుడ్డ వేసుకుని, ఇంట్లో మనుషుల కంటే దర్జాగా ఉండేది. ఆదివారం సాయంత్రం వచ్చిందంటే మగ్గం దిగిన ప్రతివాడూ దాని ముందే కూర్చునేవాడు. హిందీ సినిమాలో మాట సగమే అర్థమైనా ఏడుపు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

ఆ రోజు హీరోయిన్ ఎంత ఏడ్చినా ఎవరికీ కన్నీళ్ళు రాలేదు. ఆమెకు మూడు ముఖాలున్నాయి. ఒకటి అసలుది, మిగతా రెండూ దాని పక్కన నీడలు. వాటన్నిటి మీదా తెల్లటి చుక్కలు, పెనం మీద జొన్న పేలాల్లా ఎగురుతున్నాయి. రాజలింగు టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. ముఖాలు నాలుగయ్యాయి.

అతని భార్య అనసూర్య వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆ జబ్బు ఎక్కడ తగిలిందో ఆమెకు తెలుసు. తగిలించింది ఆమే.

సంగతి గురువారం నాటిది. రాజలింగు జంపఖానాలు నేస్తాడు. నూలుకు రంగు వేసేది, ఆరబెట్టేది, కండెలు చుట్టేది అనసూర్య. నాలుగు రోజుల ముసురు తర్వాత ఆ మధ్యాహ్నం కాస్త ఎండ కాసింది. ఆమె గంగాళంలోంచి చిలపలుగా కట్టలు కట్టిన నీలం నూలు తీసి, పిండి, బుట్టకెత్తుకుని డాబా ఎక్కింది. తడిసిన చిలప ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువుంటుంది. తీరా చూస్తే, వాటిని ఆరేసే వెదురు దండెం వానకు నాని నడుమ విరిగి పడి ఉంది. పరకాల వైపు నుంచి మళ్ళీ మబ్బు కమ్ముకొస్తోంది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే యాంటెన్నా కనిపించింది.

పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? పుట్టినప్పటి నుంచి నూలు ఆరేసిన కళ్ళకు అడ్డంగా ఉన్న ప్రతి కడ్డీ దండెంలాగే కనిపిస్తుంది. ఇదైతే మరీ ఒకటి కాదు, వరసగా ఏడు కడ్డీలు, తళతళ మెరుస్తూ ఎండకు ఎదురుగా ఉన్నాయి. అరగంటే కదా అనుకుంది. పిట్టగోడ ఎక్కి ఆరు చిలపలు వేలాడదీసి కిందికి దిగింది. నీలం నీళ్ళు పిట్టగోడ మీదుగా ఎటో కారిపోయాయి. అవి ఎటు పోయాయో చూసే తీరిక ఆమెకు లేదు.

అరగంట తర్వాత వచ్చి చూస్తే యాంటెన్నా పైపు మెడ తిప్పుకుని ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు కడ్డీలు వంగాయి. కిందికి దిగే వైరు స్క్రూ దగ్గర ఊడి గాలికి ఊగుతోంది. అనసూర్య చిలపలన్నీ లాగేసి, కడ్డీలు చేత్తో సరిచేసి, వైరును ఉన్నచోటే ఇరికించి, పైపును నిటారుగా నిలబెట్టింది. నిలబెట్టింది కానీ దాని ముఖం ఎటు ఉండాలో ఆమెకేం తెలుసు!

సాయంత్రమే చెబుదామనుకుంది. అయితే ఆ పైపు మీద కాకి వాలినా రాయి విసిరే మనిషి రాజలింగు. టీవీ వచ్చిననాడే "ఎవలన్న దాని జోలికి పోతే చెయ్యి ఇరగ్గొడ్త" అని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాడు. నేడు కాదు, రేపు చెబుదాం అనుకుంది. ముసురుకు తీగలు తెగి మూడు రోజులు కరెంటు రానేలేదు. ఆదివారం మాత్రం వచ్చేసింది.

రాజలింగు సైకిలేసుకుని స్టేషన్ రోడ్డుకు పోయి, మెకానిక్ సారంగపాణిని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. సారంగపాణి స్టెబిలైజర్ చూశాడు. టీవీ వెనక మరలు తిప్పాడు. చెక్క విప్పి ఉఫ్ అని ఊదితే దుమ్ము లేచింది గానీ బొమ్మ లేవలేదు. వాకిట్లోకి వచ్చి తలెత్తి, "ఏరియల్ నిలబడే ఉన్నది గదా" అన్నాడు. డాబా ఎక్కి ఉంటే అక్కడితో తేలిపోయేది. పెద్దమనిషి ఎక్కలేదు.

"గదేం సప్పుడు?" అన్నాడు చెవి పెట్టి.

"మా పోశవ్వ వదినె సాంచ" అన్నాడు రాజలింగు.

సాంచ అంటే కరెంటు మగ్గం. పక్కింటి పోశవ్వ భర్త బొంబాయి దగ్గర భీవండిలో పదేళ్ళు సాంచలు నడిపి, అక్కడి నుంచి ఒక పాత సాంచను, దానితోపాటు దగ్గును తెచ్చుకున్నాడు. దగ్గు అతన్ని తీసుకుపోయింది. మిగిలిన సాంచ మీద టవల్లు నేసుకుంటూ పోశవ్వ ఒక్కతే బతుకుతోంది. పగలు కరెంటు కోత కాబట్టి ఆమె పని నడిచేదల్లా సాయంత్రాలే.

"ఇగ దొరికింది దొంగ!" అన్నాడు సారంగపాణి. "మోటర్ల నిప్పులు లేస్తయి. గా నిప్పులే నీ బొమ్మ మీద సుక్కలు. టీవీల ఏం లేదు, ఫికర్ జెయ్యకు."

చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ అనసూర్య కాదని చెప్పబోయింది. చాయ్ అందించి వెనక్కి జరిగింది. దాచడమెందుకు, ఆ క్షణంలో ఆమెకు లోపల చల్లగా కూడా అనిపించింది. తన మీద పడాల్సిన పిడుగు పక్కింటి మీద పడింది. ఆ చల్లదనం గుర్తొచ్చి తర్వాత ఎన్ని రోజులు కుమిలిపోయిందో ఆమెకే తెలుసు.

కులపెద్ద వెంకట్రాజం సినిమా చూడటానికి వచ్చి అక్కడే ఉన్నాడు కాబట్టి, పంచాయితీకి వేరే కబురు పంపే పని పడలేదు. అందరూ లేచి పోశవ్వ వాకిట్లోకి పోయారు. ఆమె మోటారు ఆపింది. మళ్ళీ వచ్చి టీవీ ముందు కూర్చున్నారు.

"జర మంచిగైంది కదా?" అన్నాడు వెంకట్రాజం.

నిజానికి ముఖాలు మూడూ అలాగే ఉన్నాయి. అయినా పెద్దమనిషి అన్నాక అందరికీ కాస్త మంచిగయినట్టే కనిపించింది. "మెల్లమెల్లగ సదురుకుంటది" అని చెప్పి సారంగపాణి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి సాయంత్రం మొదలు రాత్రి తొమ్మిది దాకా సాంచ నడపకూడదని తీర్పయింది. ఆ మాట చెప్పడానికి అందరూ మళ్ళీ పోశవ్వ వాకిట్లోకి పోయారు.

"నా పనంత గప్పుడే గదా బావా" అంది పోశవ్వ, వెంకట్రాజంతో.

"ఒక్క నీ కోసం గల్లీ అంత కండ్లు పోగొట్టుకోవాల్నా వదినె?" అన్నాడు రాజలింగు.

పోశవ్వ జనం వెనక నిలబడ్డ అనసూర్య వైపు చూసింది. ఏదో అడిగినట్టే చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

అనసూర్యకు కాన్పు కష్టమైనప్పుడు దవాఖానలో మూడు రోజులు నేల మీద పడుకున్నది ఈ పోశవ్వే. బిడ్డకు మొదటి నీళ్ళు పోసింది ఆమె చేతులే. అలాంటి మనిషి సాంచ ఆపుకుని చీకటి పడకముందే తలుపు వేసుకుంటుంటే, ఇటు అనసూర్యకు ముద్ద దిగేది కాదు. ఇన్నాళ్ళూ ఆ టకటకల మధ్యే బిడ్డను నిద్రపుచ్చింది. ఇప్పుడా చప్పుడు లేని ఇంట్లో బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టేది కాదు. రోజూ పొద్దున లేస్తూనే ఈ రోజు చెప్పేస్తాననుకునేది. రాజలింగు మగ్గం దగ్గర ముఖం ముడుచుకుని కూర్చోవడం చూసి, మాట మింగేసేది.

రెండో ఆదివారం కూడా బొమ్మ అలాగే వచ్చింది. ఇక ఆగలేక, ఆ శుక్రవారం రాజలింగు నూలుకు వెళ్ళగానే అనసూర్య స్టూలు తీసుకుని డాబా ఎక్కింది. వెనక గల్లీలో నాలుగిళ్ళ మీద నాలుగు యాంటెన్నాలున్నాయి. నాలుగూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి. తమది ఒక్కటే ఎడముఖంగా ఉంది. పైపు పట్టుకుని బలమంతా పెట్టి అటు తిప్పింది. చాకు మొనతో స్క్రూ బిగించి వైరు కట్టింది. కడ్డీలకు అంటిన నీలం రంగును కొబ్బరి పీచుతో రుద్ది కడిగేసింది. బొమ్మ బాగుపడితే సాంచ సంగతి అందరూ మరిచిపోతారని ఆమె ఆశ.

మూడో ఆదివారం బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది. హీరో చొక్కా గుండీలు లెక్కపెట్టుకోవచ్చు. రాజలింగు తొడ చరిచాడు.

"సూసిన్రా? సాంచ బంద్ వెట్టినంకనే మంచిగైంది! సారంగపాణి మాటంటే మాటే!"

గల్లీ అంతా అవునంది. అనసూర్య పోశవ్వ మీద పడిన తప్పును తుడిచేద్దామని డాబా ఎక్కితే, అది తన చేతులతోనే గట్టిపడింది. ఇక ఆ సాంచ సాయంత్రం పూట ఎప్పటికీ నడవదు.

గురువారం కుళాయి దగ్గర పోశవ్వే చెప్పింది. టవల్లు టైముకు అందక షావుకారు ఆమెకిచ్చే నూలు వేరే ఇంటికి ఇచ్చేశాడట. పరకాల నుంచి ఒకాయన సోమవారం వచ్చి సాంచను విప్పుకుని తీసుకుపోతాడట. "నేను బీడీలు సుట్టుడు నేర్సుకుంటాన" అని, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అనసూర్య బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

నాలుగో ఆదివారం సినిమా సగంలో ఉంది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అనసూర్య లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని, వాకిలి దాటి పక్కింట్లోకి వెళ్ళింది. పోశవ్వ ఆగిన సాంచ పక్కన కూర్చుని దాని ఇనుముకు నూనె రాస్తోంది. రేపు పోయేదాన్ని కూడా శుభ్రంగానే పంపాలనుకునే మనిషి ఆమె.

"అక్కా, సాంచ నడుపు."

"ఏందే? మీ ఆయన సినిమా సూస్తలేడా?"

"సూస్తాండనే నడుపుమంటాన. నీ కాళ్ళు మొక్కుత."

పోశవ్వ కదల్లేదు. అనసూర్యే వెళ్ళి స్విచ్చి వేసింది. మోటారు గుర్రుమంది. అంతకుమించి సాంచను నడపడం ఆమెకు రాదు. పోశవ్వ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, లేచి పిడి లాగింది. మూడు వారాల తర్వాత సాయంత్రం పూట ఆ గోడల మధ్య టకటకలు మోగాయి.

"ఎవలే సాంచ వెట్టింది?" అంటూ రాజలింగు ఊడిపోతున్న లుంగీ పట్టుకుని వచ్చాడు. అతని వెనక గల్లీ సగం వచ్చింది.

"నేనే" అంది అనసూర్య. "బొమ్మ కరాబైందా? సూసొచ్చినవా?"

రాజలింగు చూసి రావడానికి వెనక్కి తిరిగేలోపు, సినిమా విడిచి లేవని వెంకట్రాజం గొంతు పక్కింట్లోంచి వినిపించింది. "ఏం కాలేదురా రాజలింగూ! మంచిగనే వస్తాంది!"

"సాంచతోని కరాబ్ కాలే" అంది అనసూర్య. "నాతోని అయింది. దండెం ఇరిగితే చిలపలు ఏరియల్ మీద ఆరేసిన. అది తిరిగిపోయింది. మొన్న నేనే సరిజేసిన. పోశక్క తప్పేం లేదు. తప్పు నాది. ఇన్ని దినాలసంది నోరు మూసుకున్న."

రాజలింగు చెయ్యి సగం లేచింది. విరగ్గొడతానన్న చెయ్యి ఎదురుగానే ఉంది. కానీ ఆ వాకిట్లోనే నిలబడి మూడు వారాల కింద వదినెను తానేమన్నాడో అతనికీ గుర్తొచ్చింది. లేచిన చేత్తో తల గోక్కుని గడప మీద కూలబడ్డాడు.

"వదినె... పరకాలాయనకు నేను చెప్త. షావుకారు కాడికి గూడ నేనే పోత" అన్నాడు నేల చూస్తూ.

పోశవ్వ సాంచ ఆపింది.

"నాకు ముందుగాలనే ఎర్కే" అంది అనసూర్యతో.

అనసూర్య చేయి పట్టుకుని ఇంటి పక్క సందులోకి తీసుకుపోయి, గోడ చూపించింది. రాజలింగు డాబా పిట్టగోడ దగ్గర మొదలై, పోశవ్వ ఇంటి సున్నపు గోడ మీదుగా కిటికీ దాకా జారిన నీలం చార అక్కడ ఉంది.

"నువ్వు ఆరేసిన్నాడు నేను గీ కిటికి కాడనే కూసున్న. నీళ్ళు నా గోడ మీదికే కారినయ్."

"మరి ఎందుకు చెప్పలే అక్కా?"

"నేను చెప్తే ఎవలు నమ్ముదురు? సాంచ కోసం అబద్ధమాడుతాందందురు. ఒక్క సుట్టు సున్నం కొడ్తే పోవు గీ మరక. కొట్టలే. పొద్దుగాల లేసి దీన్నే సూసేది. అనసూర్య ఇయ్యాల వస్తది, రేపు వస్తది అనుకునేది. రేపు సాంచ పోతాందంటే గిప్పుడొచ్చినవ్."

అనసూర్యకు ఏడుపు ఆగలేదు. సందులో ఉన్న నీళ్ళ తొట్టిలో కొంగు ముంచి గోడను రుద్దడం మొదలుపెట్టింది. పోశవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"కడుగకు. ఉండనీ" అంది. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. లోపలికి పోయి మళ్ళీ సాంచ పిడి లాగింది.

ఆ సాయంత్రం సాంచ తొమ్మిది దాకా నడిచింది. మర్నాడు పరకాల ఆయన ఉత్త చేతులతో తిరిగిపోయాడు. పది రోజులు షావుకారు గడప చుట్టూ తిరిగి రాజలింగు నూలు కూడా తెచ్చిచ్చాడు. పోశవ్వ మళ్ళీ అనసూర్యను చెల్లె అని పిలిచింది, పండక్కి బూరెలు పంపింది. గోడకు మాత్రం ఆ ఏడూ, మరుసటి ఏడూ సున్నం వేయించలేదు. చిలపలు ఆరేయడానికి డాబా ఎక్కిన ప్రతిసారీ అనసూర్యకు ముందుగా కనిపించేది ఆ గోడే.