పచ్చ స్టిక్కరు

గోడలో చీమ దూరేంత సందు కనిపిస్తే చాలు, ఆయనకు అన్నం సహించేది కాదు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, అందరికీ ఆయన నురగ మేస్త్రి. చేతిలో తుపాకీలాంటి గొట్టం, దాని వెనక డబ్బా. మీట నొక్కితే బుసబుసమని నురగ వస్తుంది, పగుల్లోకి పాకుతుంది, చిటికెడంత పోస్తే చేటెడంత ఉబ్బుతుంది. గంటసేపు మెత్తగా ఉంటుంది, అప్పుడైతే చేత్తో లాగినా ఊడొస్తుంది. ఆ తర్వాత రంపం పట్టాల్సిందే.

ఈ పనికి ఇంత గిరాకీ ఎందుకొచ్చిందంటే ఎండల వల్ల. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. జనం తలుపులు బిడాయించుకుని ఏసీలు పెట్టుకున్నారు. ఆ ఏసీలు గదుల్లోని వేడినంతా తెచ్చి వీధి నెత్తిన పోస్తాయి. వాటి కరెంటు కోసం ఎక్కడో బొగ్గు తగలబడుతుంది, ఆ పొగకు ఎండలు ఇంకాస్త ముదురుతాయి. ఇన్నాళ్ళకు పెద్దల బుర్రలకు తట్టి, పాత మేడలన్నిటికీ పగుళ్ళు పూడ్చి గోడలకు మందపాటి పొర తొడిగించాలని తీర్మానించారు. లోపలి చల్లదనం లోపలే ఉంటుంది, కరెంటు ఆదా అవుతుంది. మంచి పనే, కాదనేవాడు లేడు. మంచి పని చేస్తున్నానన్న ధీమా తలకెక్కితే మనిషి ఇంక పక్కకు తిరిగి చూడడు, అదే దాంతో వచ్చిన చిక్కు.

పాత మేడల పగుళ్ళలో అద్దె కట్టకుండా కాపురాలుంటున్న జీవాలున్నాయి. గబ్బిలాలు. బొటనవేలంత ఒళ్ళు, కాగితం పొరలాంటి రెక్కలు. రోజూ చీకటిపడే వేళకు బయటికొచ్చి ఊళ్ళో దోమల్ని ఏరుకు తింటాయి. వాటికోసం ఒక నియమం పెట్టారు. ఏ సందునైనా మూసే ముందు పరిశీలకురాలు మూడు సాయంత్రాలు కింద కూర్చుని, పొద్దుగూకేటప్పుడు గంటసేపు దాన్నే చూడాలి. మూడు రోజులూ ఏదీ రాకుండా, పోకుండా ఉంటే మూసుకోవచ్చని పచ్చ స్టిక్కరు. ఒక్కటి కనబడినా ఎర్ర స్టిక్కరు. ఎర్రది పడితే ఆ సందును వదిలేసి, నోటికి చిన్న చెక్క గూడు బిగించి, మిగతా గోడంతా మూసుకోవచ్చు. పూటపని. ఇంత కథా ఆ పూటపని దగ్గరే తగలడింది.

ఆ పరిశీలకురాలు మేస్త్రికి మరదలు, భార్యకు స్వయానా చెల్లెలు. ఉంటున్నది వాళ్ళింట్లోనే. ఈ ఉద్యోగం పెట్టించింది కూడా ఆయనే. మడత కుర్చీ వేసుకుని గుడ్లప్పగించి గోడను చూస్తుంటుందని ఆమెకు గుడ్లగూబ అని పేరు పెట్టాడు.

"అలా చూడకే, గోడ సిగ్గుపడి కూలిపోతుంది," అనేవాడు పరంజా మీంచి.

"కూలితే నీకేగా పని బావా, పోసుకో నురగ," అనేది ఆమె, గోడమీంచి చూపు తిప్పకుండానే.

ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్ళేవాళ్ళు, ఒకే స్కూటరు మీద వచ్చేవాళ్ళు. ఆయనకు కొడుకులూ కూతుళ్ళూ లేరు. పైకి చెప్పుకోలేదు గానీ, పనిమీద ఆమెకున్న శ్రద్ధ చూస్తే ఆయనకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

వేసవి మొదట్లో ఒక నాలుగంతస్తుల మేడ పని పడింది. అన్ని సందులూ తేలాయి, ఒక్కటే మిగిలింది. పై అంతస్తులో, బట్టలు కుట్టే ఆవిడ కిటికీకి జానెడు పైన, చూరు కిందుగా అడ్డంగా పోయిన పగులు. మరదలు మొదటి సాయంత్రం కూర్చుంది, గాలివాన. రెండో సాయంత్రం కూర్చుంది, మళ్ళీ వాన. గొడుగు కింద తడిసి ముద్దయి ఇంటికొచ్చింది.

"రెండు రోజులూ సున్నాయేగా? ఇంకొక్కరోజు చూసి పచ్చది వేసెయ్," అన్నాడు మేస్త్రి.

"వానలో అవి బయటికి రావు బావా. ఆ రెండూ లెక్కలోకి రావు. మళ్ళీ మొదటినుంచీ చూడాలి."

"ఎల్లుండి పొద్దున పరంజా విప్పేస్తున్నారే తల్లీ! మళ్ళీ కట్టించాలంటే సూపర్‌వైజరు నన్ను నంజుకు తింటాడు."

"తింటే తిననీ. ఇది అవి పిల్లల్ని పెట్టే కాలం. దాన్ని మాత్రం ముట్టుకోకు, నా మాట విను."

మర్నాడు ఆకాశం తేటపడింది. అంత మంచి సాయంత్రం దొరికిందనగా ఆమెను వేరే మేడకు పంపారు. అక్కడ ఎర్ర స్టిక్కరు ఎవరో పీకేశారట. హడావిడిగా బస్సెక్కి వెళ్ళింది. స్టిక్కర్ల చుట్ట స్కూటరు డిక్కీలో ఉండిపోయింది.

సాయంత్రానికి మేడంతా నున్నగా తయారైంది, ఆ ఒక్క పగులు తప్ప. మేస్త్రికి అది పంటిలో ఇరుక్కున్న పీచులా ఉంది. కిందికి దిగి, వెనక సందులో బడ్డీకొట్టు దగ్గర టీ తాగాడు. సూపర్‌వైజరు ఫోను చేసి, అయిందా అంటే అయిపోతుందన్నాడు. తిరిగొచ్చి పరంజా ఎక్కి, టార్చి వేసి పగుల్లోకి తొంగిచూశాడు. చీకటి, దుమ్ము. ఏమీ కదల్లేదు. రెండు రోజులు కూర్చుంటే ఒక్కటీ రాలేదు, ఇప్పుడూ లేదు, ఉంటే కనబడదా? పిల్లది చాదస్తపుది, అన్నిటికీ భయమే. ఇలా తనకు తానే నచ్చజెప్పుకుని, దిగి, డిక్కీలోంచి పచ్చ స్టిక్కరు ఒకటి చించుకొచ్చి పగులు పక్కన అంటించాడు. మీట నొక్కాడు. నురగ లోపలికి పాకింది. పాతికేళ్ళ పనితనం అది, ఎక్కడా వెంట్రుకంత వదల్లేదు.

సామాను సర్దుకుంటుండగా చెవి పక్కనుంచి ఏదో రివ్వున పోయింది.

ఆయన తలెత్తి చూశాడు. ఒక గబ్బిలం వచ్చి నురగమీద వాలింది. వేళ్ళతో తడిమింది, ఎగిరింది, ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే వాలింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత మూడు ఒక్కసారే. కాసేపటికి గోడ ముందు గాలంతా రెక్కలే అయింది. తను టీ తాగుతున్నప్పుడు తల్లులు మేతకు పోయాయి. ఇప్పుడు పాలివ్వడానికి తిరిగొచ్చాయి.

ఆయనకు అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరితోనూ అనలేదు, అది ఒక్కటే ఆయనకు ఇవ్వాల్సిన మార్కు. నురగ ఇంకా మెత్తగానే ఉంది, పిడికిట పట్టి లాగితే వచ్చేస్తుంది. చెయ్యి చాపాడు కూడా. లాగితే సందు మిగులుతుంది, పొద్దున్నే పరంజా విప్పడం ఆగుతుంది, స్టిక్కరు ఎక్కడిదని అడుగుతారు, మరదలి ముందు తల కొట్టేసినట్టవుతుంది. ఇంత పెద్ద ఊళ్ళో ఇంకో పగులు దొరక్కపోతుందా వాటికి, అనుకున్నాడు. తల్లులకైతే దొరుకుతుంది. లోపలున్నవాటి సంగతి ఆయన అనుకోనేలేదు, అనుకోకుండా జాగ్రత్తపడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, తలదించుకుని దిగిపోయాడు.

భోజనాల దగ్గర మరదలు అడిగింది. "ముట్టుకోలేదుగా బావా?"

"లేదులేవే," అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

"రేపు కూడా నన్ను ఆ మేడకే పంపుతున్నారు. ఎల్లుండి వచ్చి చూస్తా. పరంజా లేకపోతే పీడాపోయె, కింద నుంచి కనబడుతుంది."

"ఊ," అన్నాడు. భార్య అన్నం మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె చెప్పిన ఎల్లుండి రానే వచ్చింది. పొద్దున్నే బట్టలు కుట్టే ఆవిడ స్టిక్కరు మీదున్న నంబరుకు ఫోను చేసింది. ఆ నంబరు మరదలిది.

"అమ్మా, గోడలో ఏముందో చూస్తారా? మొన్న రాత్రి మిషను ఆపితే చాలు, గోడలో ఒకటే గీకుడు, సన్నటి కీచుమనడం. నిన్నంతా కాస్త తగ్గింది. ఇవాళ అసలు లేదనుకోండి. ఎలుకలేమో, పోయాయేమో గానీ, ఎందుకైనా మంచిదని చెబుతున్నా."

మరదలికి ఆ మాటలన్నీ తర్వాతే బుర్రకెక్కాయి. ముందు ఎక్కింది ఒక్కటే, అక్కడ స్టిక్కరెలా వచ్చింది?

మేస్త్రి కొత్త మేడ దగ్గర డబ్బా మూత తీస్తుంటే ఆటో దిగి నేరుగా వచ్చింది. అరవలేదు.

"డిక్కీలోంచి తీశావా?"

ఆయన డబ్బా మూత మళ్ళీ బిగించాడు.

"రంపం తీసుకో. తిట్టడం తర్వాత తిడతాను. పద."

పరంజా లేదు. పైకప్పుమీంచి తాళ్ళు దించి, చెక్క పలక మీద కూర్చుని గోడకు వేలాడుతూ నురగ కోశాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి ఆమె చేతులు చాపింది, చేతుల్లో కుట్టుపనావిడ ఇచ్చిన గుడ్డముక్క. కోసిన నురగ ముక్కలుముక్కలుగా వచ్చింది. కొన్ని ముక్కల్లో అవి ఉన్నాయి. నురగ అంటుకోనివి ఇంకా లోపల, గోడమూలకు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. వెంట్రుకలు కూడా సరిగా రాని పిల్లలు. వేలిగోరంత మొహాలు. ఒక్కొక్కటీ తీసి ఆమె చేతిలో పెడుతుంటే ఆయన రంపం జారి వీధిలో పడింది. ఒక్కదానిలోనైనా ఊపిరి ఉందేమోనని ఆమె ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వింది. ఇరవై ఆరు. ఇరవై ఆరుసార్లు వింది.

కుట్టుపనావిడ కొంగు నోట్లో కుక్కుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"ఆ సాయంత్రం తల్లులు రాలేదా?" అంది మరదలు.

రాలేదంటే సరిపోయేది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"వచ్చాయి."

"చూశావా?"

"చూశా."

"నురగ అప్పటికే గట్టిపడిపోయిందా?"

"లేదు," అన్నాడు మేస్త్రి. "మెత్తగానే ఉంది."

ఆమె గుడ్డ మడిచింది. నాలుగు కొసలూ లోపలికి పెట్టి, నెమ్మదిగా మడిచింది. అప్పుడు తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. ఆమె సంచీలోంచి మూడు కాగితాలు తీసి కిటికీ గట్టుమీద పెట్టింది.

"ఈ సందు పరిశీలన మీరే చెయ్యండి మేస్త్రిగారూ. వానలేని సాయంత్రాలు మూడు. ఏం కనిపిస్తే అది రాయండి."

'మేస్త్రిగారూ' అన్న మాట విన్నాక ఆయన పలక మీంచే చెయ్యి చాపి కాగితాలు అందుకున్నాడు.

జరిగిందంతా, చుట్ట డిక్కీలో మరిచిన తన తప్పుతో సహా, ఆమె ఆఫీసుకు రాసి ఇచ్చింది. సూపర్‌వైజరు చదివి, మేడ పూర్తయినట్టు ఎప్పుడో రాసేశామనీ, చచ్చినవాటికోసం బతికినవాళ్ళ ఉద్యోగాలు పోగొట్టుకుంటారా అనీ, కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. మేస్త్రికి శిక్ష లేదు, కనీసం ఒక మందలింపు కూడా లేదు. ఆ నెల్లో ఇంకో రెండు మేడలు అప్పజెప్పారు.

మొదటి సాయంత్రం ఆయన మడత కుర్చీలో కూర్చున్నాడు. సందు తెరిచి ఉంది. పొద్దుగూకాక ఒక్కొక్కటే వచ్చాయి. లోపలికి పోయి, కాసేపుండి, బయటికొచ్చి, మళ్ళీ పోయి వెతుక్కున్నాయి. పందొమ్మిది, అని రాశాడు. కళ్ళు మసకబారి పంక్తి వంకరపోయింది. రెండో సాయంత్రం నాలుగే వచ్చాయి. ఒకటి మాత్రం చాలాసేపు లోపలే ఉండిపోయింది.

మూడో సాయంత్రం మబ్బు లేదు, గాలి లేదు. గంట అయ్యాక ఇంకో గంట కూర్చున్నాడు. ఏదీ రాలేదు. మర్నాడు మళ్ళీ కూర్చున్నాడు, ఆ మర్నాడూ కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకపోయినా.

ఆరో రోజు పొద్దున మరదలు వచ్చింది. మేస్త్రి ఇంట్లోంచి నాలుగు వీధుల అవతలికి గది చూసుకుని మారిపోయి అప్పటికి రెండు రోజులు. కాగితాలు తిరగేసింది. చివరి మూడు సాయంత్రాలకూ సున్నాలున్నాయి, ఏ రోజూ వాన లేదు.

"చెక్క గూడు కట్టి ఉంచేస్తానే," అన్నాడు మేస్త్రి. "ఎప్పటికైనా వస్తాయేమో. నా చేత్తో కడతా, డబ్బులొద్దు."

"మొన్న కట్టాల్సింది," అందామె.

పైకెళ్ళి, కుట్టుపనావిడ గది కిటికీలోంచి తనే బయటికి వంగి, చుట్టలోంచి పచ్చ స్టిక్కరు చించి పగులు పక్కన అంటించింది. అంచులు లేవకుండా బొటనవేలితో గట్టిగా అదిమింది.

"అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి మేస్త్రిగారూ. ఇక మూసుకోండి."