వెంకటరామయ్య నీడకు చుట్టాల చార్జీ

కాజీపల్లిలో కనకమహాలక్ష్మి ఇంటి వెనక కిరాయి గదుల వరసలో తెల్లారిందంటే బకెట్ల యుద్ధమే. ఒక్కటే నల్లా, దాని చుట్టూ జిల్లా అంత జనం. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే వనజ మాత్రం, బస్సు హారన్ మోగేలోగా స్నానం చేసి, జడేసుకుని, ఉప్మా మింగి గేటు దాటేది. గాలిదుమారం కూడా ఆమెకన్నా వెనకబడేది.

ఆ మధ్య ఆమె ప్రాణమంతా జోగిపేటలో ఉన్న తల్లి మల్లవ్వ మీదే ఉంది. కంటి ఆపరేషన్ అయింది, పూటపూటకు చుక్కలేసే మనిషి కావాలి. తెచ్చుకుందామంటే, ఎవరింటికి చుట్టాలొచ్చినా ఓనరమ్మ వేసే చుట్టాల చార్జీ అడ్డం. నీళ్లకు వేరు, మెట్లకు వేరు, గేటు తీస్తే వేరు.

"మా అవ్వ పిట్టంత తాగుతది ఆంటీ. గామెకు గూడ చార్జా?"

"పిట్ట వాలినా చార్జీయేనమ్మా," అంది కనకమహాలక్ష్మి. భర్త ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చినావిడ, సొంత ఆడపడుచు దగ్గర కూడా వసూలు చేసింది.

ఈ చార్జీలు ఎత్తేసే బిల్లు అసెంబ్లీలో ఓడిపోయింది. ఎమ్మెల్యే వెంకటరామయ్య ఎటు చేయెత్తాడో ఎవరూ పేపర్లో వెతకలేదు. ఆ చుట్టుపక్కల నాయకుల నీడలు వాళ్లు సభలో చేసిందే చేస్తాయి కదా! అందుకే ఆయన మీటింగులన్నీ మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్లకింద అణిగినప్పుడే.

ఓ రోజు బొంతపల్లి దగ్గర ట్యాంకర్లు అడ్డంపడి ఆలస్యమై, కనకమహాలక్ష్మి ఇంటి ముందు మీటింగుకు సాయంత్రపు ఎండలో దిగాడు.

"కిరాయిదార్ల కోసం అందరికన్న ముందు చేయెత్తింది నేనే!" అన్నాడు మైకులో. వెనక, ఓనరమ్మ తెల్లగోడ మీద నీడ చేతులు కట్టుకుని కూర్చుంది.

"మరి వద్దన్నోళ్లల్ల ఎవరున్నరు సారూ?" అంది వనజ.

నీడ చేయెత్తింది. ఆ చేయి మిద్దెక్కి, వాటర్ ట్యాంకు దాటి, జిన్నారం దాకా పోయింది. జనం చూసి, చాయ్ తాగారు.

"ఎండకు గట్ల కనబడ్తది బిడ్డా," అంటూ ఆయన కారెక్కాడు. నీడ ఎక్కలేదు, ఎత్తిన చేత్తోనే గోడ మీద ఉండిపోయింది.

మూడోనాడు కనకమహాలక్ష్మి ఆయనకు ఫోన్ చేసింది. "ఏమండీ, మీ నీడ మా ఇంట్లోనే ఉంది. చుట్టాల చార్జీ పంపించండి."

"నీడకు చార్జేందమ్మా! అది నీళ్లు తాగుతదా?"

"గోడ వాడుకుంటోంది కదండీ. ఎండ తగలక మిద్దె మీద నా వడియాలు బూజు పట్టాయి, దానికి వేరే."

"నేను ఎమ్మెల్యేను!"

"అయితే పెద్ద చుట్టం. డబుల్."

ఆయనే వచ్చి నీడను పట్టుకుని లాగాడు. గోడ పెచ్చులూడాయి, వాటికీ చార్జీ పడింది. డ్యూటీ దిగి వస్తున్న వనజ ఎదురైంది.

"గిన్ని చార్జీలు మనుషులు కట్టేటియేనా బిడ్డా?"

"మేం కడ్తలేమా సారూ? బిల్లు మళ్ల పెడ్తరంట. నీడ చేయి అసెంబ్లీల మీ ఓటుతోనే దిగాలె."

మళ్లీ పెట్టినప్పుడు ఆయన బిల్లు వైపు ఎంత ఎత్తుకు చేయెత్తాడంటే, సభలో ఫ్యాను ఆగిపోయిందట. బిల్లు గెలిచింది. ఇక్కడ నీడ చేయి దించి, సున్నం దులుపుకుని, కంపెనీ బస్సుల పక్కనే పటాన్‌చెరు వైపు నడిచిపోయింది.

ఆ ఆదివారమే మల్లవ్వ దిగింది. చుక్కలు వేయించుకుని, కళ్లు తెరిచి కూతుర్ని ఎగాదిగా చూసింది.

"ఏందే, గింత బక్కగైనవ్? నిన్ను లావు జేసినంకనే ఊరికి పోత."

ఆకలి దంచేస్తున్నా, ఆ పూట వనజ సగం కంచంతోనే లేచింది.