సగం మాటలో ఊపిరి

"ఈ పెన్సిల్ గీతలన్నీ తుడిచెయ్యమ్మా, బైండింగుకి పంపాలి" అంటూ ఫాదర్ నా చేతిలో కొత్త రబ్బరు పెట్టారు. సరేనండి అన్నాను. నాకు తొందరగా వచ్చే మాట అదొక్కటే. ఆయన వెళ్ళాక అనుమానం మొదలైంది. పాటల పుస్తకం అచ్చయి వచ్చేసింది. ఇప్పుడు ఈ చిత్తు కాగితాల మీద గీతలుంటే ఆయనకేమిటి నష్టం?

కాగితాలు మా పెద్దమ్మవి. అమ్మకు సొంత అక్క. పద్దెనిమిదో ఏట ఈ బెనెడిక్టిన్ సన్యాసినుల మఠంలో చేరింది. ఇక్కడ రోజుకి ఏడుసార్లు గంట మోగుతుంది. ఏడుసార్లూ సిస్టర్లందరూ చాపెల్‌లో చేరి కీర్తనలు పాడతారు. ఆర్గన్ వాయించేదీ, కీర్తనలకు రాగాలు కట్టేదీ పెద్దమ్మే. ఊళ్ళో బడి చదువు అయిపోయాక నన్ను ఆమె దగ్గరికి పంపారు. ఆ రోజు నాన్న అమ్మతో అన్న మాట నాకింకా గుర్తుంది. "మీ అక్కకేంటి, మహారాణి! మొగుడా, పిల్లలా? పాడుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది." నేనూ నిజమే అనుకున్నాను. వచ్చి చూస్తే పెద్దమ్మ రోజులో సగం ఇస్త్రీ గదిలోనే ఉంటుంది. బలిపీఠం గుడ్డలు, ముప్పైమంది సిస్టర్ల ముసుగులు, ఫాదర్ అంగీలు అన్నీ ఆమె చేతి మీదే. రాగాలు పుట్టేదీ అక్కడే. ఇస్త్రీపెట్టె పక్కకి నిలబెట్టి, గోడకు వేలాడే పెన్సిల్ అందుకుని, రెండు గీతలు గీసి, పెట్టె చల్లారకముందే మళ్ళీ పట్టుకుంటుంది. రాత్రి స్వరాల మీద ఇంకు దిద్దుతుంది, అంచు రాతలు మాత్రం పెన్సిల్‌తోనే ఉండిపోతాయి.

అందుకే ఆ కాగితాల అంచుల్లో లేనిది లేదు. తేదీలున్నాయి. "వాన, గుడ్డలు ఆరలేదు" అని ఉంది. "వంట సిస్టర్‌కి ఇక్కడ గొంతు అందదు, శ్రుతి దించాలి" అని ఉంది. రబ్బరు పట్టుకుని, తుడవకుండా, చదువుతూ కూర్చున్నాను. ఒక కీర్తనలో 'కనికరము' అన్న మాటను మధ్యకి విరిచి, అక్కడ ఊపిరి పీల్చుకోమని గుర్తు పెట్టింది. పక్కనే "బామ్మ సిస్టర్ కోసం."

బామ్మ సిస్టర్ నేను వచ్చిన ఏడాదే పోయింది, ఆవిడ దగ్గు మాత్రం నాకు బాగా గుర్తు. ఎనభై దాటినా ముందు వరుస వదిలేది కాదట. ఆ మాట సగంలోకి వచ్చేసరికి ఆయాసం వచ్చి ఆగిపోయేదట. వెనక చిన్న సిస్టర్లు నవ్వడం చూసి పెద్దమ్మ అందరినీ అక్కడే ఆగమంది. అందరూ ఆగితే ఎవరి కోసం ఆగారో తెలియదు కదా.

అచ్చు పుస్తకం తెరిచాను. అదే కీర్తన, అదే విరుపు. మొదటి పేజీలో స్వరకర్తగా ఫాదర్ పేరు. అడుగున చిన్న అక్షరాల్లో "సహకరించిన సోదరీమణులకు ఆశీస్సులు."

సాయంత్రం సాధనకి ఫాదర్ కొత్త పుస్తకాలు పంచారు. సగం మాట దగ్గర అందరూ ఆగి ఊపిరి పీల్చుకున్నారు. పాట అయ్యాక నా నోరు ఎలా పెగిలిందో తెలియదు.

"ఫాదర్, అక్కడ మాట మధ్యలో ఎందుకు ఆగాలండీ?"

"మంచి ప్రశ్న! కనికరం అనబోతుంటేనే గొంతు పూడుకుపోవాలమ్మా. సెమినరీలో ఫాదర్ చదువు చదివేటప్పుడు కన్నీళ్ళతో కట్టాను ఈ రాగం."

వంట సిస్టర్ దగ్గింది. జలుబు దగ్గు కాదు. అచ్చం బామ్మ సిస్టర్ దగ్గు, రెండు పొట్టివి, ఒకటి పొడుగ్గా. ముందు వరుసలో ఇద్దరి భుజాలు నవ్వాపుకోలేక అదిరాయి. అంటే అందరికీ తెలుసన్నమాట! పెద్దమ్మ మాత్రం ఆర్గన్ మీద నుంచి తలెత్తలేదు. నాకు ఆమె మీదా అనుమానం వచ్చింది. రాగాలన్నీ తనే ఆయనకి ఇచ్చేసిందా?

ఇస్త్రీ గదిలో అడిగాను.

"పుస్తకంలో ఆయన పేరేసుకున్నారని నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలుసే."

"మరి ఊరుకున్నావేం?"

"ఊరుకోలేదు, అడిగాను. దేవుడి పాటకి పేరెందుకు సిస్టర్, అణకువ ఉండాలి అన్నారు." ఫాదర్ అంగీ చెయ్యి తిరగేసి పరిచింది. "ఎవరి పేరూ వెయ్యరనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"అచ్చుకి శుభ్రంగా రాసిమ్మన్నప్పుడు పెన్సిల్ రాతలన్నీ వదిలేశా. ఆ ఒక్క ఊపిరి మాత్రం ఇంకుతో పెట్టా. నిజానికి ఇప్పుడు దాని అవసరమే లేదు, ఆవిడ పోయిందిగా."

"మరెందుకు పెట్టావు?"

"ఎందుకని ఎవరో ఒకరు ఆయన్ని అడక్కపోతారా అని." ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను చూసి నవ్వింది. "వంట సిస్టర్ అడుగుతుందనుకున్నానే. చివరికి నువ్వా, నోట్లో నాలుక లేనిదానివి!"

మర్నాడు పొద్దున ఫాదర్ వచ్చి చెయ్యి చాపారు. "అయిందామ్మా?"

సరేనండి అనలేదు. రబ్బరు తిరిగిచ్చేశాను. కాగితాలు ఇవ్వలేదు.