నిదానంగా నడిచిన రికార్డు

నేను ఒక రికార్డు ప్లేయర్ని. సూట్‌కేసులా మూత తెరిస్తే ఆ మూతలోనే స్పీకరు, కింద గుండ్రటి పళ్ళెం, అడుగున ఆరు సెల్లులు పట్టే గూడు. బతుకంతా ఒక్క తాళం తప్పలేదు నేను. రేపల్లె స్టేషను మాస్టరు ఒకసారి చేతి గడియారం మీద నమ్మకం పోయి, నా పళ్ళెం తిరిగే తిరుగుడు చూసి రైలుకు జెండా ఊపాడు. నమ్మండి, మీకు పోయేదేముంది!

నన్ను కొన్నది భావన్నారాయణ గారు. కాలువ లాకుల దగ్గర ఉద్యోగం. సంగీతం ఆయనకు తెలియదు. రష్యా పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చినప్పుడు, చవగ్గా ఉందని ఒక పెద్ద రికార్డు తెచ్చారు. వందమంది ఒక్కసారి వాయించే సింఫనీ. పేరు పలకబోతే ఆయన నాలుక మడత పడేది. రెండో భాగం శవయాత్ర నడక అని వ్యానులో మనిషి చెప్పాడట.

"శుభమా అని మిషను కొనుక్కుంటే బోణీకి చావు పాటా?" అని ఆయన భార్య సీతారావమ్మ గారు విసురుగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. ఆయన తమ్ముడు రంగబాబు స్నేహితుడి పెళ్ళికని సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళి ఉన్నాడు. తెల్లవారేసరికి ఆ ఊరే లేదు. శవం దొరకలేదు. దొరకనివాణ్ణి ఎవరు మోస్తారు, ఎక్కడికని మోస్తారు? కరెంటు లేని ఆ రోజుల్లో భావన్నారాయణ గారు నా మూత తెరిచి ఆ రెండో భాగం పెట్టారు. పాట కాళ్ళీడ్చుకుంటూ, మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నట్టు ఆగి ఆగి నడిచింది. ఆయన దాని వెనకే వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. తమ్ముణ్ణి సాగనంపింది అలాగే.

తరవాత ఆ రికార్డు అటక మీద నుంచి పడి రెండు ముక్కలైంది. ఆయన ఆ పాట జోలికి ఏళ్ళ తరబడి పోలేదు, చెవులు పోవడం మొదలయ్యేదాకా. నరం ఎండిపోతోందని, దసరా దాటితే ఏమీ వినపడదని గుంటూరు డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆ మనిషికి ఒకటే యావ: చెవులు మూసుకునేలోగా ఆ నడక ఇంకొక్కసారి వినాలి.

బెజవాడ పాత దుకాణాలన్నీ గాలించి అదే సింఫనీ పట్టుకొచ్చేవారు. మొదట దొరికింది అచ్చంగా ఆ రష్యా రికార్డే. కరెంటు తీగ తగిలించి నాకు పెట్టారు. సగం వినకుండానే ముల్లు ఎత్తేశారు. "పైన అట్ట అదే, లోపల వాయింపు అది కాదు" అన్నారు. జర్మనీ వాళ్ళది రేషను వరసలో నిలబడి ఏడ్చినట్టుంది. ఇంగ్లీషు వాళ్ళది పరామర్శకు వచ్చి బస్సు టైము చూసుకుంటున్నట్టుంది.

"అన్నీ ఒకటే డబడబ కదండీ!" అనేవారు సీతారావమ్మ గారు, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి.

"ఒకటెట్లా అవుద్దే? వీళ్ళు మా రంగణ్ణి పరిగెత్తిస్తున్నారు!"

ఇక నా తాళం సంగతి ఒప్పుకుంటాను. ఉప్పెన రోజుల్లో సెల్లులు దొరికేవి కావు. సీతారావమ్మ గారు కొత్తవి టార్చిలైటుకు దాచి, అందులో అరిగిపోయినవి ఎండలో పెట్టి నాకు వేసేవారు. ఎండిన సెల్లుకు వడియానికి ఉన్నంత బలం. నేను పాకాను. ఆ నిదానం రష్యా వాళ్ళది కాదు, నా నీరసం. లోకంలో ఏ రికార్డులోనూ అది దొరకదు. స్టేషను మాస్టరు నన్ను అసలు చూడనే లేదు లెండి.

ఇంత తెలిసీ చెప్పడానికి నాకు నోరేది? తీగలోంచి వచ్చే కరెంటు నన్ను గుర్రంలా తోలుతుంటే, ఆయన స్పీకరుకు చెవి ఆనించి, "ఇది కాదు, ఇది కాదు" అని తల కొట్టుకునేవారు. ఆగుదామన్నా ఆగలేకపోయేదాన్ని.

దసరా ముందు రోజు జర్మనీ రికార్డే మళ్ళీ పెట్టారు. వినపడిందో లేదో, ఉన్నట్టుండి అరిచారు: "ఆగండ్రా! వాణ్ణి మెల్లిగా తీసుకుపోండ్రా!" అంటూ తిరిగే రికార్డు అంచున వేలు అదిమిపెట్టారు. పళ్ళెం మూలిగింది. పాట బరువెక్కి, కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. అచ్చం ఆనాటిలాగే.

సీతారావమ్మ గారు గరిటెతో గుమ్మంలోకి వచ్చారు. "అదేనండీ! ఆ పాటే!" అన్నారు.

ఆయనకు వినపడలేదు. "ఏమే, ఇదేనా?" అని అడిగారు. ఆమె తల ఊపారు. భాగం అయిపోయేదాకా ఆయన వేలు తియ్యలేదు.

ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్లో, త్రాసు పక్కన ఉన్నాను. అబద్ధం మోస్తూ తూకానికి ఎక్కడం నాకిష్టం లేదు. సీతారావమ్మ గారు "అదేనండీ" అనలేదు. అది నేను కల్పించాను. ఆవిడకు అన్ని పాటలూ ఒకటే డబడబ. ఊపితే ఈ మనిషి కాస్త కుదుటపడతాడని ఊరికే తల ఊపారు. అదేనని తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.