మంచి మాను

ఆ అక్టోబరంతా నా కాలు ఒకచోట నిలవలేదు. క్రాకువ్‌లోని మా నిఘంటువు ఆఫీసులో నా బల్ల మీద ఒకటే మాట: జ్ద్రూఫ్. పోలిష్‌లో ఆరోగ్యంగా ఉన్నవాడని అర్థం. స్లావులందరిదీ ఒకే భాషగా ఉన్న రోజుల్లో అది 'సుదోర్వు' అయి ఉండాలని మా ఊహ. ఎవరూ ఎక్కడా రాసిపెట్టిన మాట కాదు కనుక ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతాం. 'సు' అంటే మంచి, 'దోర్వు' అంటే మాను. సంస్కృతంలో సు, దారు ఉన్నట్టే. మంచి మానుతో చేసిన మనిషి ఆరోగ్యవంతుడన్నమాట.

మా ప్రధాన సంపాదకురాలు లెయోకాదియా గారికి ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. నాకు తేలలేదు. ఆ రెండో ముక్కకు మాను అని కాక ఉత్త 'గట్టి' అనే అర్థం ఉండి ఉంటే? అందుకే ఆ మాట కార్డు మీద ప్రశ్న గుర్తు పెట్టాను.

"సోమవారం ప్రెస్సుకి పంపాలి ఒటీలియా గారూ. ఆ ప్రశ్న గుర్తు తీసెయ్యండి," అన్నారావిడ.

"రెండు దారులున్నాయండీ."

"మీకెప్పుడూ రెండు దారులే! ట్రామ్ స్టాపులో కూడా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు."

తిరుగుతున్న మాట నిజమే. దానికి కారణం వేరే ఉంది. మా అన్నయ్య విన్సెంతి కొండల్లోని మా ఊళ్ళో చర్చి కప్పుకి చెక్క పలకలు చీలుస్తాడు. వేసవి నుంచి దగ్గు. రుమాల్లో రక్తం చూశానని వదిన ఉత్తరం రాసింది. ఆస్పత్రికి వెళ్ళమంటే, మంచు పడేలోగా కప్పు పూర్తవ్వాలంటాడట. శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

అన్నయ్య అడవి అంచున ఒక స్మ్రెక్ చెట్టుకి చెవి ఆనించి, గొడ్డలి వెనక్కి తిప్పి కొడుతున్నాడు. దేవదారు జాతిది; మా కొండల్లో కప్పులకి ఆ చెట్టే వాడతారు, లోపల గట్టిగా ఉందో లేదో మోతని బట్టి చెప్తారు.

"ఎందుకొచ్చావే? పుస్తకాల పురుగులకి సెలవిచ్చారా?"

"నిన్ను పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి."

"ముందు దీని సంగతి చూడనీ." మళ్ళీ కొట్టాడు. "విన్నావా, గంట మోగినట్టు లేదూ? స్మ్రెక్ జ్ద్రూఫ్!"

నేను అక్కడే ఆగిపోయాను. జ్ద్రూఫ్ అనేది ఆ విశేషణానికి పొట్టి రూపం; ఒకప్పుడు నామవాచకంలా అన్ని విభక్తుల్లోనూ తిరిగేది. తర్వాత సర్వనామం తోక తగిలించుకున్న పొడుగు రూపం వచ్చి దాని చోటంతా ఆక్రమించింది. ఇప్పుడు ప్రథమా విభక్తి ఒక్కటే మిగిలింది, అదీ పుంలింగంలోనే. నగరంలో మనిషిని తప్ప ఇంకదేన్నీ అలా అనగా నేను వినలేదు. గబగబా సంచీలోంచి కాగితం తీశాను.

"ఇంకోసారి అను అన్నయ్యా."

"చెట్టు బాగుందన్నాను, అంతే! నేనూ అంతే. ఇదుగో, నా రొమ్ము మీద కొట్టి చూడు." నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. మానుకి ఆనుకుని వంగిపోయాడు.

వద్దంటే వినలేదు. రంపానికి రెండో పక్క నన్నే పట్టుకోమన్నాడు. నగరం బూట్లతో బురదలో జారుతూ లాగాను. సగం దాకా తెల్లగా రాలిన పొట్టు, ఉన్నట్టుండి గోధుమ రంగులోకి మారింది. అన్నయ్య రంపం ఆపలేదు. చెట్టు పడింది. మొదలు దగ్గర, సరిగ్గా నడిమధ్య, పిడికిలంత మేర పుచ్చిపోయి ఉంది.

దాని ముందు గొంతుక్కూర్చుని వేలు పెట్టాడు. వేలు మొత్తం దిగిపోయింది.

"ముప్పై ఏళ్ళు! ఈ చెవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు."

వేలు తుడుచుకుని లేచి అడిగాడు, "బస్సు ఎన్నింటికి?"

పట్నంలో డాక్టరు కూడా మొదట వీపు మీద వేళ్ళతో తట్టి విన్నాడు. అన్నయ్య నా వంక చూసి, "ఇతనూ మా పనివాడేనే," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత ఎక్స్‌రే తీశారు. క్షయ. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుంట పడింది. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమన్నాడు డాక్టరు. ఆ రోజే చేర్చుకున్నారు.

సోమవారం నా కార్డు ప్రశ్న గుర్తుతోనే ఇచ్చాను. లెయోకాదియా గారు నేను రాసుకొచ్చిన కాగితం చూసి, "చెట్టునే అంటున్నారుగా! ఇంకా అనుమానమేమిటి?" అన్నారు.

"ఇవాళ్టి వాడుక పదిహేను వందల ఏళ్ళ కిందటి పుట్టుకకి సాక్ష్యం కాదండీ. బాగా వినిపించిందని నమ్మేస్తే ఎలా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కార్డు మీద సంతకం పెట్టారు.

అన్నయ్య ఎనిమిది నెలలు శానిటోరియంలో ఉన్నాడు. కప్పు మిగతా పని ఇరుగుపొరుగు వాళ్ళే చేశారు. జూన్‌లో ఇంటికొచ్చిన మూడో రోజునే, పైవరస వంకరగా ఉందంటూ నిచ్చెన ఎక్కేశాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని తిడుతూనే ఉన్నాను. పైనుంచి పలకలు ఊడబీకి ఒక్కొక్కటే కిందికి విసురుతూ, "పక్కకి జరగవే, నెత్తి పగులుద్ది!" అని అరిచాడు. అంత అరిచినా దగ్గు రాలేదు.