పెద్ద కన్నాల జల్లెడ

సముద్రం అడుగునుంచి తెచ్చిన బురదను జల్లించి, అందులోని ప్రాణులను ఏరి లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ప్రయోగశాలలో అందరూ ఆమెను జల్లెడక్క అంటారు. ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ, ఆమె దాన్ని బిరుదులా మోస్తూ వచ్చింది. పురుగులు బాగా కనబడాలని బురదలో కలిపే గులాబీ రంగు ఆమె గోళ్లను ఏనాడూ వదల్లేదు.

ఆమెకో పట్టుదల ఉంది. జల్లెడలోంచి కిందికి జారిన బురదనీళ్లను పారబోయనివ్వదు. కుళ్లకుండా మందు కలిపి, మూతపెట్టి, చీటీ అతికించి, నివేదిక మీద సంతకాలు పడేదాకా బకెట్లలో అట్టేపెట్టిస్తుంది. కాలు పెట్టడానికి చోటు లేదని తోటివాళ్లు గొణుగుతారు. గొణుక్కోనీ అని ఊరుకుంటుంది.

మోకాలి నొప్పికి మూడు వారాలు సెలవు పెట్టి తిరిగొచ్చిన రోజున, ఆమె బల్లమీద ఓ నివేదిక సంతకం కోసం కాచుకుని ఉంది. ఖనిజాన్ని కడిగే ఫ్యాక్టరీ ఒకటి, ఆ కడుగు బురదను గొట్టం వేసి కిలోమీటరు లోతున సముద్రంలోకి వదులుతానంటోంది. అక్కడ బతికేవి ఏమైనా ఉన్నాయా అన్నది తేల్చాల్సింది ప్రయోగశాల. పన్నెండు పెట్టెల బురద తెచ్చారు, జల్లించారు. పన్నెండింటికీ ఎదురుగా సున్నాలు.

నివేదికతోపాటు ఫ్యాక్టరీవాళ్ల రంగుల కరపత్రం కూడా ఉంది. అందులో సముద్రాన్ని పొరలు పొరలుగా కోసి చూపించారు. పైన వెలుతురు పొర, అందులో తాబేళ్లు, రంగురంగుల చేపలు. దాని కింద మసక పొర, మొహమాటానికి గీసినట్టు రెండే చేపలు. ఆ కింద చీకటి. అట్టడుగున నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు: ఇక్కడ జీవం లేదు.

జల్లెడక్కకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో ఒక్క పెట్టెకైనా సున్నా రాయలేదు తను. పైన చచ్చినవీ రాలినవీ నలుసులై దిగివస్తే, అడుగున ఉన్నవి అదే తిని బతుకుతాయి. మసక పొరలో ఉండేవి చీకటి పడగానే పైకెక్కి మేసి, తెల్లారేసరికి కిందికి దిగిపోతాయి. అక్కడ గోడలూ లేవు, అంతస్తులూ లేవు. గీతలు గీసింది ఈ కాగితం అచ్చువేసినవాడు. తన పెరట్లో పోసుకోలేని బురదను పోసుకోవడానికి వాడికో ఖాళీ స్థలం కావాలి, అంతే.

ఆమె మొదటి బకెట్ మూత తీసింది. ఆ నీళ్లను సన్న కన్నాల జల్లెడలో పోసి, మిగిలినదానికి రంగు కలిపి, మర్నాడు మైక్రోస్కోపు కింద పెట్టింది. ముందుగా కనబడినవి నీలం ప్లాస్టిక్ పోగులు. మనిషి పోలేని చోటికి మనిషి చెత్త ఎప్పుడో చేరిపోయింది. వాటి పక్కనే దారప్పోగుల్లాంటి పురుగులు, ఇసుక రేణువంత గవ్వలు, ఐదు చేతులూ ముడుచుకున్న చిన్నారి నక్షత్ర చేప ఒకటి. సాయంత్రానికి ఆ ఒక్క బకెట్‌లోనే నూట నలభై మూడు తేలాయి. అన్నీ కారిపోయాయంటే, బురద జల్లించింది మిల్లీమీటరు కన్నాలున్న పెద్ద జల్లెడతో అన్నమాట. నత్తగుల్లలు ఏరుకోవడానికి తప్ప లోతు బురదకు అది పనికిరాదని అక్కడ అందరికీ తెలుసు.

జల్లించింది ఎవరో కూడా ఆమెకు తెలుసు. తను సెలవులో ఉండగా ఆ పని చూసింది ఒక్కడే. మరిది. అత్తగారు పోయినప్పుడు ఎనిమిదేళ్లవాడు. తనే అన్నం పెట్టి చదివించింది, తనే జల్లెడ చేతికిచ్చి పని నేర్పించింది. అడిగితే అతను దాచలేదు. సన్న జల్లెడతో పెట్టెకు ఒక రోజు పడుతుందనీ, ఫ్యాక్టరీవాళ్లు వారంలో కావాలని కూర్చున్నారనీ, పైవాళ్లు తలూపారనీ చెప్పాడు.

"కంటికి ఆనని పురుగులకోసం ఎవరైనా ఫ్యాక్టరీ ఆపుతారా వదినా?" అన్నాడు.

"ఆపుతారో మానతారో వాళ్లిష్టం. ఉన్నదాన్ని లేదని రాయడానికి నువ్వెవడివిరా?"

అతను ఇది బయటపడితే తన ఉద్యోగం పోతుందనీ, ఇద్దరు పిల్లలనీ, ఆమె ఒక్క సంతకం పెడితే అందరూ గట్టెక్కుతారనీ బతిమాలాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త కూడా అదే మాట ఇంకోలా చెప్పాడు. తమ్ముణ్ని రోడ్డు మీద పడెయ్యొద్దన్నాడు. వాడి పిల్లలకు నీళ్లుపోసి జడలు వేసిన చేతులు తనవి. అయినా సంతకం పెట్టలేదు. మిగతా పదకొండు బకెట్లూ జల్లించింది.

గొట్టానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే విచారణ రోజున, ఆమె పిలవకుండానే వెళ్లి పన్నెండు సీసాలు అధికారిణి ముందు వరసగా పెట్టింది. ఫ్యాక్టరీ తరఫు మనిషి ఒక సీసా ఎత్తి దీపానికి అడ్డంపెట్టి చూసి నవ్వాడు. ఇవి దేనికి పనికొస్తాయని అడిగాడు.

"మీకేం పనికిరావు," అంది జల్లెడక్క. "అవి మీకోసం పుట్టలేదు."

అతని నవ్వు ఆగింది గానీ నోరు ఆగలేదు. వారాల తరబడి ఇరుకు గదిలో పడున్న బకెట్లలో ఏ బురద కలిసిందో ఎవరికి తెలుసన్నాడు. నివేదికలో సన్న జల్లెడ వాడినట్టే రాసి ఉందని పేజీ తీసి చూపించాడు. ప్రయోగశాల పెద్ద ఔనన్నాడు. అధికారిణి జల్లెడక్కవైపు తిరిగి, పెద్ద జల్లెడ వాడారనడానికి రుజువేమిటి, వాడినవాళ్లెవరు అని అడిగింది. అది తేలకపోతే ఈ సీసాలను లెక్కలోకి తీసుకోలేనని చెప్పింది.

మూడో వరసలో మరిది కూర్చుని ఉన్నాడు. వాడే లేస్తాడేమోనని ఆమె చూసింది. అతను చెప్పుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. వెంట వచ్చి పక్కనే కూర్చున్న భర్త వద్దన్నట్టు ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. ఆమె కొంగు విడిపించుకుని లేచి నిలబడింది.

"అదిగో, అక్కడ తల దించుకుని కూర్చున్నాడు. నా మరిది. నాతో ఒప్పుకున్నాడు, మీరూ అడగండి," అంది. "వాడికి ఈ పని నేర్పింది నేనే. అది కూడా రాసుకోండి."