గొంగడికి చన్నీళ్లు

నక్కవాగు పొంగి, పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీలు రెండు రోజులు నిలబడిపోయాయే, ఆ వరదకు మరుసటి ఏడు ఇది జరిగింది.

మిరుగు, అంటే మృగశిర కార్తె, ఇంకా పన్నెండు రోజులుంది. మిరుగు వానకు ముందే యాదన్నకు గొంగడి చేరాలి. మా ఇద్దరి మధ్య కట్టు అది. యాదన్నకు డెబ్బై గొర్రెల మంద ఉంది. కత్తిరించిన ఉన్ని అంతా నాకే ఇస్తాడు. అందులో మొదటి గొంగడి నేసి అతనికి ఇస్తాను. మిగిలినవి అమ్ముకుంటాను. వరద ఏడు ఆ కట్టు తప్పింది. మిరుగులోనే వాగు పొంగి మగ్గం గుంత నిండిపోయింది, సగం నేసిన గొంగడి బురదలో కలిసింది. యాదన్న వానాకాలమంతా గోనెసంచి కప్పుకుని మంద వెంట తిరిగాడు. జ్వరం పడి లేచాక నా దగ్గరికి వచ్చి ఒకటే మాట అన్నాడు.

"బావా, ఒక్కపారి తప్పింది, వరదనుకున్న. మల్ల తప్పితే బొచ్చు కొల్లూరు నేతోళ్లకిస్త. నువ్వు ఏమనుకున్నా సరే."

ఉన్ని రాకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే కొత్త ఫ్యాక్టరీ గేటు ముందు దినకూలీల వరసలో నిలబడాలి. నా ఈడు వాళ్లను మేస్త్రీ చూడగానే పక్కకు పొమ్మంటాడని మా ఊరి వాళ్లు చెప్పారు.

అందుకే ఈసారి ముందే నేశాను. ఆ ఆదివారం పొద్దున గొంగడి మగ్గం మీంచి దించి, మంచం మీద మడిచి పెట్టాను. అంతలో స్కూటర్ వచ్చి ఆగింది.

వచ్చినవాడు సూర్యప్రకాశరావు. పెద్ద ఫ్యాక్టరీ స్టోర్సులో ఆఫీసరు. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో కిరాయికి ఉంటున్నాడు. అతని కింద పనిచేసే మా భానూరు మనిషి ఒకడు కిష్టప్ప అని నా పేరు చెప్పాడట. వెనక అతని భార్య హైమావతి ఒళ్లో మట్టి కూజా పట్టుకుని కూర్చుంది. పటాన్‌చెరు అంగట్లో కొన్నారట. అప్పటికే అది కారుతోంది, ఆమె చీర తడిసింది.

"ఇదేనా గొంగడి! మొత్తం చేత్తోనే నేశారా?" అంది హైమావతి.

నేను నా చేతులు చూసుకున్నాను. ఇంక దేంతో నేస్తారు?

"మా నాన్నగారి షష్టిపూర్తండీ," అని ఆమె నా భార్య రాజవ్వ పక్కన మంచం మీద కూర్చుంది. "మేం నలుగురు అక్కచెల్లెళ్లం. పెద్ద బావగారు బొంబాయి నుంచి ట్రాన్సిస్టర్ తెస్తున్నారు. రెండో ఆయన గోడ గడియారం. మూడో వాళ్లు వెండి చెంబు. మేమూ బజార్లో కొన్నదే పట్టుకెళితే ఏం గొప్ప? ఇక్కడి మనుషులు చేత్తో చేసింది ఇవ్వాలి."

"నాలుగో అల్లుడికి కిష్టప్పే మిగిలాడు," అన్నాడు రావు.

"అది వేరేవాళ్లది," అన్నాను.

అక్కడితో అయిపోవలసింది. కానీ హైమావతి రాజవ్వతో మాట్లాడుతూనే ఉంది. అత్తారింటికి వచ్చే రోజు రైల్లో చలేస్తుందని వాళ్ల నాన్న తన భుజం మీది శాలువా తీసి కప్పాడట. అది ఇప్పటికీ ఆమె పెట్టెలో ఉందట. రాజవ్వ కళ్లొత్తుకుంది. ఇక మన పని అయినట్టే అనుకున్నాను.

"ఇయ్యరాదు, పాపం," అంది రాజవ్వ. "వడికిన నూలున్నది. మిరుగు ఇంక పన్నెండు దినాలున్నది. ఇంకోటి నేస్తవు."

"అది యాదన్నది."

"యాదన్న పేరు రాసున్నదా దాని మీద?"

నూలు ఉన్నమాట నిజమే. సరిగ్గా ఒక్క గొంగడికి సరిపడా ఉంది, బెత్తెడు ఎక్కువ లేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కూర్చుంటే పది రోజుల్లో అవుతుంది. డబ్బు తీసుకుని ఇచ్చేశాను. వాళ్లు దాన్ని స్కూటర్ మీద ఇద్దరి మధ్యా పెట్టుకుని వెళ్లారు. నేను గుంతలోకి దిగాను.

మూడో రోజు మళ్లీ స్కూటర్ వచ్చింది. గొంగడి కూడా వచ్చింది.

"వాసనండీ," అంది హైమావతి. "ఇంట్లో గొర్రెను కట్టేసినట్టుంది. పక్కింటి వీరలక్ష్మిగారు, పాలకు మేకను కొన్నారా అని అడిగారు."

"గొర్రె బొచ్చు గొర్రె వాసన రాక మల్లెపువ్వు వాసనొస్తదా బిడ్డా?" అంది రాజవ్వ. "దారానికి చింతగింజల గంజి పెడ్తం, దాని వాసన గూడ ఉంటది. రెండు వానలకు తడిస్తే పోతది."

"మా ప్రయాణం లోపల వానలెక్కడివి?" అన్నాడు రావు. "ఇంకేదైనా ఉపాయం చెప్పు కిష్టప్పా. ముట్టుకుంటే గుచ్చుకుంటోంది కూడా. మా మావగారిది సుకుమారమైన ఒళ్లు."

పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె నా చేతిలో ఉంది. వాళ్లు నిలబడ్డంతసేపూ నేత ఆగిపోయింది. చెప్పాలంటే నాలుగు మాటలు చెప్పాలి. చన్నీళ్లలోనే నానెయ్యాలి, సబ్బు పెట్టకూడదు, పిండకూడదు, నీడలో ఆరెయ్యాలి. వేడి తగిలితే ఉన్ని ముడుచుకుపోతుంది. ఇవన్నీ మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

"నీళ్లల్ల నానెయ్యి," అన్నాను. నాడె విసిరాను.

వాళ్లు వెళ్లిపోయారు. ఆ నాలుగు మాటల్లో ఒకటే, అదీ సగమే చెప్పానని అప్పుడు నాకు తోచలేదు. వాళ్లు తొందరగా వెళ్లినందుకు హాయిగా అనిపించింది.

తర్వాత వారం రోజులు మగ్గం దగ్గరే గడిచింది. మధ్యలో ఫ్యాక్టరీ మనిషితో హైమావతి రెండు కబుర్లు పంపింది. గొంగడి అంచుకు చీర అంచులా ఎర్ర రంగు వెయ్యడం కుదురుతుందా అని ఒకటి. కారిన కూజా మార్చి ఇచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా అని ఇంకొకటి. గొంగడి నేసేవాడికి కూజా సంగతి ఏం తెలుసు? రెండింటికీ నేను జవాబు పంపలేదు.

మిరుగుకు ముందురోజు మధ్యాహ్నం యాదన్న గొంగడి పూర్తయింది. దించి మంచం మీద పెట్టాను. నడుము పట్టు వదలలేదు కానీ గుండె బరువు దిగింది. పడమట మబ్బు పట్టింది. అప్పుడు స్కూటర్ చప్పుడు వినిపించింది.

రావు సంచిలోంచి ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. ముందు అదేమిటో నాకు తెలియలేదు. పీట అనుకున్నాను. రాజవ్వ దాన్ని నిలబెట్టి చూసింది. అది నిలబడింది. వేలితో కొడితే అట్టలా చప్పుడైంది. నేను నేసిన ఎనిమిది మూరల గొంగడి. ఇప్పుడు చంటిపిల్లకు పక్కబట్టంత ఉంది.

"ఏం చేసిన్రమ్మా దీన్ని?" అంది రాజవ్వ.

"ఆయనే కదా నీళ్లలో నానెయ్యమన్నారు!" అంది హైమావతి. "గంగాళంలో నీళ్లు మరగబెట్టి, సబ్బుపొడి వేసి, గంటసేపు ఉడకేశాం. వాసన పోవాలంటే ఉడకెయ్యొద్దూ? మావైపు దుప్పట్లన్నీ అలాగే చేస్తాం."

"నానెయ్యమన్న. ఉడకబెట్టమన్ననా?" అన్నాను.

"చన్నీళ్లని చెప్పావా?" అన్నాడు రావు. "ఆ ఒక్క మాట చెప్పడానికి నీకేం బరువయ్యా?"

రాజవ్వ వాళ్లను వదిలేసి నా మీదికి తిరిగింది. "ముప్పై ఏండ్ల సంది నేను మొత్తుకునేది గిదే. గీయన నోట్లె నుంచి మాట రావాలంటే మంత్రసానిని పిలవాలె!"

వాళ్లది తెలియనితనం. నాది బద్ధకం.

అప్పుడే యాదన్న వచ్చాడు. కర్ర గోడకు ఆనించాడు. అరుగు మీద నిలబడి ఉన్న ఆ అట్టను చూశాడు, మమ్మల్ని చూశాడు. మంచం మీది కొత్త గొంగడి మీద హైమావతి చూపు పడటం కూడా చూశాడు. ఏమీ అడగకుండా నేరుగా వెళ్లి దాని మీద కూర్చున్నాడు.

"అది మాకు ఇచ్చెయ్యి కిష్టప్పా," అన్నాడు రావు. "రేపు సాయంత్రం రైలు. ఇతనికి నిదానంగా ఇంకోటి నేసివ్వు."

"నూలు లేదు," అన్నాను.

"లెవ్వ," అన్నాడు యాదన్న. "నిరుడు గోనెసంచి కప్పుకున్న. నెల దినాలు మంచం పట్టిన. రేపు మిరుగు. నేను లెవ్వ."

"రెండింతలు ఇస్తానయ్యా," అని రావు జేబులో చెయ్యి పెట్టాడు.

"వానొస్తే రూపాయలు కప్పుకొని పండాల్నా సారూ? అయినా మీ దిక్కు ఎండలు మండుతయంట గదా. గా ఎండలల్ల ముసలాయనకు గొంగడి కప్పుతరా? దీన్ని ఉడకబెట్టింది చాలక ఆయనను గూడ ఉడకబెడ్తరా?"

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రావుకు కోపం వచ్చింది. హైమావతి మాత్రం అరుగు మీద కూర్చుని ఆ అట్టను ఒళ్లో పెట్టుకుని సాగదీయడానికి చూసింది. అది సాగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

యాదన్న నా వైపు చూశాడు. "బావా, నువ్వు చెప్పు. లెవ్వమంటే లేస్త. బొచ్చు సంగతి నీకెరుకనే."

నలుగురూ నా ముఖమే చూస్తున్నారు. నాకు చిరాకు పుట్టింది. వాళ్ల మీదో, నా మీదో. లోపలికి వెళ్లి కొయ్యకు వేలాడుతున్న నా గొంగడి తెచ్చి హైమావతి ఒళ్లో వేశాను.

అది మా నాయన నేసింది. ఆయన చేతి నేతలో చివరిది. పదిహేను వానాకాలాలు నా ఒంటి మీద తడిసింది. ఒక అంచున బీడీ నిప్పుకు చిన్న చిల్లు పడింది.

హైమావతి దాన్ని వాసన చూసింది. చెంపకు ఆనించుకుంది. "ఏమండీ, ఇది మెత్తగా ఉంది! వాసనే లేదు!" అని నా వైపు తిరిగింది. "ఇంత మంచిది లోపల దాచుకుని, మాకు ఆ గుచ్చుకునేది అంటగట్టారా?"

"పాతదే అది," అన్నాడు రావు. "మావయ్యగారికి పాతది పెడతామా?"

"పాతదని ఎవరు చెబుతారు? మీరు చెప్పరు, నేను చెప్పను. ఈయన అసలే చెప్పరు."

నేను తప్ప అందరూ నవ్వారు. యాదన్న నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"బావా, గది మామ నేసింది గదా?"

"ఊఁ," అన్నాను.

అతను లేచాడు. కొత్త గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. కర్ర తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "దీపావళి ఎల్లినంక గొర్లు కత్తిరిస్త. గప్పటిదాక మగ్గం గుంతల పిల్లులు పండకుండ సూసుకో," అని వెళ్లిపోయాడు.

రావు గొంగడికి ముందు ఇచ్చినంతే మళ్లీ ఇచ్చాడు. రాజవ్వ తీసుకుంది. అట్టను మాత్రం వాళ్లు తీసుకుపోలేదు. స్కూటర్ కదులుతుండగా హైమావతి గొంగడి మూల ఎత్తి చూస్తూ అంది. "ఇక్కడ మరక ఉందండీ. రేపు పొద్దున్నే ఒకసారి ఉతికేసి…"

నేను రెండడుగులు వేశాను. చెయ్యి ఎత్తాను. గొంతులోంచి మాట బయటికి వచ్చేసరికి స్కూటర్ మలుపు తిరిగింది.

"చెప్పినవా?" అంది రాజవ్వ.

"లేదు."

ఆమె నుదురు కొట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు తెల్లవారేసరికి మిరుగు మొదలైంది. కప్పుకోవడానికి నాకు ఏమీ లేదు. అరుగు మీది అట్టను నెత్తిన పెట్టుకుని బీరంగూడకు నడిచాను. మూడు కోసుల దారి. భుజాల కింద అంతా తడిసి ముద్దయింది. అట్టలోంచి మాత్రం ఒక్క చుక్క దిగలేదు. నేను నేసిన ఏ గొంగడీ అంత బాగా వాన ఆపలేదు. దానికి కూడా నాకు చిరాకే పుట్టింది.

వాళ్ల పెరట్లో రేకుల కింద మూడు రాళ్ల పొయ్యి మీద గంగాళం ఉంది. నీళ్లు సలసల కాగుతున్నాయి. పక్కనే సబ్బుపొడి డబ్బా. మనిషి జాడ లేదు. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిచి, వాళ్లు వచ్చి, నేను చెప్పేలోపల ఏమవుతుందో అనిపించింది. నిండు బకెట్ ఎత్తి పొయ్యిలో పోశాను. పొగ ఇల్లంతా కమ్మింది.

రావు నెత్తికి నూనెతో, నడుముకు తువ్వాలుతో బయటికి ఉరికాడు. "ఏమయ్యా! నా తలంటు నీళ్ల పొయ్యి ఆర్పేశావేంటయ్యా!"

వెనకే హైమావతి వచ్చింది. గొంగడి ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉందట. వాన పడుతోంది, ఆరదని ఉతకలేదట.

"చన్నీళ్లు," అన్నాను. "సబ్బొద్దు. పిండొద్దు. నీడకు ఆరెయ్యాలె."

"ఈ మాట ఆరోజే చెబితే అయిపోయేది కదండీ," అంది.

కట్టెలు తడిసిపోయాయి. అవి అంటుకునేలా లేవు, రావేమో వణుకుతున్నాడు. నెత్తి మీది అట్ట తీసి పొయ్యి ముందు వేసుకుని దాని మీద కూర్చున్నాను. నీళ్లు మళ్లీ కాగేదాకా ఊదుతూనే ఉన్నాను.